పసుపు వెలిగిన మ్యాట్నీ

మా ఇంట్లో పండుగలు పంచాంగం ప్రకారం రావు, ట్రక్కుల ప్రకారం వస్తాయి. నేను పనిచేసేది ఐస్ షోలో. ఐసు మీద స్కేటింగ్ చేస్తూ కథ చెప్పే ఆట అది. సామాను ట్రక్కుల్లో, మనుషులం బస్సులో, కెనడా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊరూరా తిరుగుతాం. లోకానికి సెలవు వచ్చిందంటే మాకు పని వచ్చిందని అర్థం. పిల్లలకు బడి లేని రోజే మాకు హౌస్‌ఫుల్. క్రిస్మస్ వారంలో అయితే మొహానికున్న రంగు కడుక్కునే తీరిక కూడా ఉండదు. అందుకని మా ట్రక్కులు టొరంటో చుట్టుపక్కలకు ఎప్పుడు వస్తే అప్పుడే రిచ్‌మండ్ హిల్‌లో మా అమ్మ పండుగ చేస్తుంది. ఒక ఏడాది వినాయక చవితి హాలోవీన్ గుమ్మడికాయల మధ్య జరిగింది. ఇంకో ఏడాది ఉగాది పచ్చడి జూన్‌లో తిన్నాం, వేపపువ్వు ఫ్రీజర్‌లోంచి తీసి. గుళ్ళో పూజారి గారు ఒకసారి మొహమాటంగా, "తిథి దాటిపోయింది కదమ్మా" అన్నారు. "మా అమ్మాయి ఇంటికొచ్చిన రోజే మాకు తిథండీ" అంది అమ్మ.

పంచాంగాన్నే పక్కన పెట్టగల అంతటి మనిషి, నా షో మాత్రం ఒక్కటి కూడా చూడలేదు.

నా స్కేటింగ్ చక్రాల మీద మొదలైంది. విశాఖలో బీచ్ దగ్గర ఒక సిమెంటు రింకు ఉండేది. ఉప్పుగాలికి బేరింగులు తుప్పు పట్టి కిర్రుమనేవి. నాకు పదేళ్ళప్పుడు నాన్న ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. ఇక్కడ వీధికో ఐస్ రింకు. చక్రాలకు అలవాటు పడ్డ కాళ్ళు బ్లేడు మీద నిలబడడానికి ఒక చలికాలం పట్టింది. ఆ చలికాలమంతా నా మోకాళ్ళు వంకాయ రంగులో ఉండేవి. అమ్మ గాజు తలుపు వెనక బెంచీ మీద కూర్చుని అన్నీ చూసేది. పడితే నవ్వేది కూడా.

పద్నాలుగేళ్ళప్పుడు ఒక పోటీలో గాల్లోకి ఎగిరి, దిగడం తప్పాను. మణికట్టు విరిగింది, గడ్డం చీలింది. నన్ను స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్ళారు. నాకు ఆ రోజు పెద్దగా గుర్తు లేదు, మొహానికి తగిలిన చల్లదనం తప్ప. అమ్మకు మాత్రం అంతా గుర్తుండిపోయింది. కట్టు విప్పాక నేను మళ్ళీ రింకుకు వెళ్తానన్నాను. వద్దంటుందనుకుని, పోట్లాడడానికి మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను కూడా. అమ్మ కారు తాళాలు తీసుకుంది. రింకు దాకా డ్రైవ్ చేసి, పార్కింగ్‌లో ఆపి, "నువ్వెళ్ళు, నేనిక్కడ ఉంటాను" అంది.

ఆ రోజు నుంచి ఎప్పుడూ అంతే. తెల్లవారకముందే లేచి ప్రాక్టీసుకు తీసుకెళ్ళేది, పోటీలకు తీసుకెళ్ళేది, నేను ఐస్ షోలో చేరాక మా ఊరి దగ్గర ఆడిన ప్రతిసారీ వచ్చేది. వచ్చి, కారులో హీటరు వేసుకుని కూర్చునేది. నాన్న లోపలికి వెళ్ళి చూసి, వీడియో తీసుకొచ్చి చూపిస్తానంటే ఫోను పక్కకు తోసేసేది. మానెయ్యమని ఏ రోజూ అనలేదు, చూస్తాననీ అనలేదు. నేను బతిమాలాను, అలిగాను, ఒక ఏడాది మాట్లాడ్డం మానేశాను. "నా వల్ల కాదే, చేతులతో కళ్ళు మూసుకుని కూర్చోడానికి టికెట్టు ఎందుకు దండగ" అనేది. ఈ ఒక్క విషయంలో ఆవిడ మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. ముక్కూ మొహం తెలియని వేలమంది చప్పట్లు కొడుతుంటే, నేను చూడాలనుకున్న ఒక్క మొహం పార్కింగ్‌లో ఉండేది.

కారులో ఖాళీగా కూర్చోదు కదా, అక్కడే కుట్టుపని పెట్టుకునేది. స్కేట్లు విప్పాక బ్లేడు తడి తుడిచి బట్ట తొడుగు వెయ్యాలి, లేకపోతే తుప్పు పడుతుంది. కొట్లో అమ్మే తొడుగులు మామూలుగా ఉంటాయి. అమ్మ పాత టర్కీ తువ్వాళ్ళు కత్తిరించి, పైన మిగిలిపోయిన జాకెట్టు ముక్కలు వేసి, ఎలాస్టిక్ పెట్టి కుట్టేది. ఇంట్లో రిచ్‌మండ్ హిల్ ఆంటీలందరికీ జాకెట్లు కుట్టి పెడుతుంది కాబట్టి ముక్కలకు కరువు లేదు. మొదట నాకొక జత. తర్వాత నా రూమ్‌మేట్, క్యుబెక్ అమ్మాయి, తనకూ కావాలంది. ఆమెకు అమ్మ నెమలి అంచు వేసి ఇచ్చింది. అది చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. రెండేళ్ళు తిరిగేసరికి మా బృందం స్కేట్లు పెట్టుకునే అల్మైరా పెళ్ళిళ్ళ సీజన్‌లో చీరల కొట్టులా తయారైంది. వాళ్ళందరికీ మా అమ్మ "ఆంటీ". వాళ్ళ కాళ్ళ కొలతలు ఆవిడకు తెలుసు. వాళ్ళు ఆ కాళ్ళతో ఏం చేస్తారో మాత్రం ఎన్నడూ చూడలేదు.

నిజానికి మా పనిలో సగం కుట్టుపనే. షోకీ షోకీ మధ్య గ్రీన్‌రూములో అందరి చేతుల్లో సూదులే. ఊడిన రాయి కుట్టుకోవాలి, జారిన ఈక అతికించుకోవాలి. ఐసు మీద ఒక్క పూస రాలినా, దాని మీద బ్లేడు పడ్డ మనిషి మొహం పగులుతుంది. అందుకే ప్రతి రాయికీ రెండు కుట్లు. ఇక అందం సంగతి చెప్పాలంటే, చివరి వరస దాకా కనపడే అందం దగ్గరికొస్తే భయపెడుతుంది. కృత్రిమ రెప్పలు, కనుబొమలు, చెంపలు, అన్నీ ముగ్గు వేసినట్టు గీసుకుంటాం. గంటల తరబడి నవ్వాలి కదా, పెదవులు పళ్ళకు అంటుకోకుండా పళ్ళ మీద పెట్రోలియం జెల్లీ రాస్తాం. షో ఉన్న రోజు తలకు నూనె పెడితే విగ్గు జారుతుంది కాబట్టి నూనె నిషిద్ధం. ఈ ముచ్చట్లన్నీ విని అమ్మ, "పొట్టకూటికి ఇన్ని వేషాలా" అని నవ్వేది. కానీ చలికి పగిలిన మా చర్మాలు చూసినప్పుడు మాత్రం నవ్వేది కాదు.

కిందటి ఏడాది నా మోకాలు చేతులెత్తేసింది. ఇంకొక్క సీజన్ అన్నాడు డాక్టరు, ఆ తర్వాత నడకకు దాచుకోమన్నాడు. నాకు పెద్దగా ఏడుపు రాలేదు. టొరంటో పక్కన ఓక్‌విల్‌లో ఒక రింకులో చిన్నపిల్లలకు నేర్పే ఉద్యోగం ఒప్పుకున్నాను. ఒకే ఒక్క ముల్లు మిగిలింది. ట్రక్కులు ఇంటివైపు రావడం ఇదే ఆఖరు, నేనొక్కదాన్నే ఆడే సోలో ఉండడం కూడా ఇదే ఆఖరు. ఈసారి అమ్మ కారు దిగకపోతే ఇక ఎప్పటికీ దిగదు. నేను అడగదలచుకోలేదు. అడిగి అడిగి నోరు పడిపోయింది. కానీ బస్సు కిటికీలోంచి ఒంటారియో బోర్డు కనపడినప్పటి నుంచీ లోపల అదే గొణుగుడు.

అసలు దీపావళి నాడు మేము దేశానికి అవతలి కొసన, సర్రీలో ఉన్నాం. పంజాబీ వాళ్ళు కాలుస్తున్న చిచ్చుబుడ్లను హోటల్ కిటికీలోంచి చూసి పడుకున్నాను. మా ఇంటి దీపావళి నవంబరు మధ్యలో వచ్చింది, ట్రక్కులతో పాటు. మర్నాడు మధ్యాహ్నం మ్యాట్నీ, సాయంత్రం ఫస్ట్ షో. పండుగ రోజు మాకు సెలవు. అమ్మ మా బృందంలోని అమ్మాయిలను ఇంటికి పిలిచింది. నాతో కలిపి ఏడుగురం వెళ్ళాం. పులిహోర, గారెలు, బూరెలు. వరసగా ప్రమిదలు పెట్టి, మంచు పడుతున్న డ్రైవ్‌వేలో కాకరపువ్వొత్తులు కాల్చాం. అప్పుడే క్యుబెక్ అమ్మాయి చెయ్యి పట్టుకుని చూసింది అమ్మ. చలికి మణికట్టు దాకా చర్మం బీటలు తీసి ఉంది.

"అయ్యయ్యో, ఇదేం చర్మమే, ఎండిన చెరువులా ఉంది. పద పద, అందరూ బేస్‌మెంటుకి పదండి. దీపావళికి నలుగు పెట్టుకోకుండా ఎవరు వెళ్తారు?"

"అమ్మా, రేపు షో ఉంది" అన్నాను.

"తలకి నూనె పెట్టనులే, విగ్గు సంగతి నాకు తెలీదా ఏంటి. మొహానికీ, చేతులకీ, అంతే."

వాషింగ్ మెషీన్ పక్కన పాత దుప్పటి పరిచి, అందరినీ వరసగా కూర్చోబెట్టింది. సున్నిపిండి తనే పట్టిస్తుంది. పెసరపప్పు, కచ్చూరాలు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, ఒంటికి రంగు అంటని కస్తూరి పసుపు. ఆ రోజు కస్తూరి పసుపు అయిపోయింది. నలుగులో పసుపు లేకపోతే అది నలుగే కాదని, వంటింట్లోకి వెళ్ళి పోపులపెట్టెలో పసుపు రెండు చెంచాలు ధారాళంగా కలుపుకొచ్చింది. పైన నువ్వుల నూనె. నేను చూశాను. పసుపే కదా, పుట్టినప్పటి నుంచి ఒంటికి అలవాటైన పసుపు, అనుకున్నాను. అమ్మ ఒక్కొక్కరి చేతులు, మెడ, మొహం రుద్దుతుంటే ఒకమ్మాయి కూర్చున్నచోటే కునుకు తీసింది. కడుక్కున్నాక అందరి చర్మం మెత్తగా వెన్నముద్దలా అయింది. తెల్లటి అమ్మాయిల మొహాలు లేత బంగారు రంగు తేలాయి. అద్దం ముందు నుంచి ఒక్కరూ కదల్లేదు. "ఆంటీ, మీరు మాతో టూరుకు వచ్చెయ్యండి" అన్నారు. అమ్మ మురిసిపోయి అందరికీ ఒక్కో డబ్బా సున్నిపిండి కట్టిచ్చింది.

మా షోలో మొదటి అంకం సముద్రగర్భం. అరీనాలో దీపాలన్నీ ఆర్పేసి అతినీల కాంతి వేస్తారు. ఆ కాంతిలో ప్రత్యేకమైన రంగు పూసినవే మెరుస్తాయి, మిగతాదంతా చీకటి. మేము నల్లటి మఖ్మల్ తొడుక్కుంటాం, తలకు నల్ల ముసుగు, చేతులకు నల్ల తొడుగులు. కళ్ళు, వాటి చుట్టూ కాస్త జాగా, అంతే బయటికి ఉంటుంది. చేతిలో కర్రకు కట్టిన చేప. మేము కనపడం, చేపలు మాత్రం ఈదుతుంటాయి. ఆ అంకానికి మొహం మీద ఏమీ రాయకూడదు, కొన్ని పౌడర్లు ఆ కాంతికి మెరుస్తాయి. ఇంతకుముందు ఊళ్ళో ఒకమ్మాయి తళుకు పౌడరుతో వచ్చిందని ఆమెను ఆ వారమంతా షోలోంచి తీసేశాడు డైరెక్టరు. మేము ఏడుగురమూ మొహాలు శుభ్రంగా కడుక్కునే వెళ్ళాం.

కాంతి మారింది. నా ముందు గాలిలో ఒక కళ్ళజోడు తేలుతోంది. లేతాకుపచ్చలో పసుపు కలిసినట్టు, మిణుగురు రంగులో. ఎవరో అల్లరి చేస్తున్నారనుకున్నాను. పక్కకు తిరిగితే అక్కడ ఇంకోటి. దూరంగా మూడోది. క్యుబెక్ అమ్మాయి నా పక్క నుంచి జారిపోతూ నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది. అవి పెద్దవి అయినకొద్దీ ఆ వెలుగు కూడా విప్పారింది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ కాంతికి పసుపు కూడా మెరుస్తుందని. నేనూ వెలుగుతున్నాను. మా అమ్మ పోపులపెట్టె నడిసముద్రంలో ఏడు చోట్ల వెలుగుతోంది.

మొదట గుసగుసలు. తర్వాత ఎక్కడో ఒక పిల్లవాడు "గోస్ట్స్!" అని అరిచాడు. అంతే, పిల్లలంతా అందుకున్నారు. కళ్ళు మూసుకుంటే రెప్పలు వెలుగుతున్నాయి, తెరిస్తే చుట్టూ వెలుగుతోంది. చేపలను చూసేవాడు లేడు. నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరు చేపలను తలకిందులు చేసేశారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు డైరెక్టరు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. కొన్ని వారాలకోసారి వచ్చి, అందరి తప్పులూ చూసి వెళ్ళే మనిషి. తళుకు పౌడరు అమ్మాయికి ఒక వారం. మాకు కూడా వారం అంటే, ఇక్కడ మేమాడేదే వారం. నా సోలో ఇంకొకరు చేస్తారు. ట్రక్కులు వెళ్ళిపోతాయి. కథ అంతటితో సరి.

మ్యాట్నీ అయ్యాక గ్రీన్‌రూములో దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాం. దుస్తులు చూసే పెద్దావిడ చిన్న అతినీల టార్చి తెచ్చి మా మొహాల మీద వేసింది. ఏడుగురమూ వెలిగాం. చేతి తొడుగులు తీయించి చూసింది. మోచేతుల దాకా దీపావళే.

"ఏం రాశారు?" అంది.

ఆంటీ పేరు చెప్పడం అమ్మాయిలకు ఇష్టం లేదు. నేనే చెప్పాను. ఈలోగా క్యుబెక్ అమ్మాయి, అమాయకురాలు, అమ్మకు మెసేజ్ పెట్టేసింది. ఆంటీ, మీ పసుపుతో మేము చీకట్లో వెలిగిపోయాం, డైరెక్టరు వస్తున్నాడు, అని. పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టింది. పార్కింగ్‌లో, కారులో, తొడుగులు కుడుతూ కూర్చున్న మా అమ్మకు ఆ నవ్వుతున్న బొమ్మ కనపడలేదు. డైరెక్టరు వస్తున్నాడన్నది ఒక్కటే కనపడింది.

అన్నేళ్ళ నా బతిమాలుడుకు తెరుచుకోని కారు తలుపు అప్పుడు తెరుచుకుంది. వెనక గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను ఆపితే, ఆవిడ ఏం చెప్పిందో తెలియదు గానీ అతనే దగ్గరుండి తీసుకొచ్చాడు. లోపలికి వచ్చేసరికి అమ్మ మెడలో టేపు వేలాడుతోంది, జాకెట్టుకు సూది గుచ్చి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటికే డైరెక్టరు మా ముందు నిలబడి ఉన్నాడు. పొడుగాటి మనిషి, తనూ ఒకప్పటి స్కేటరే, నవ్వడం ఎవరూ చూడలేదు.

అమ్మ మాకూ ఆయనకూ మధ్యలో వచ్చి నిలబడింది. "సర్, మిస్టేక్ నాది. గర్ల్స్‌ది కాదు. ఏమన్నా అంటే నన్ను అనండి" అంది ఇంగ్లీషులో. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడమంటే బద్ధకించే మనిషి, ఒక్క ముక్క తడబడలేదు.

ఆయన మా మొహాలవైపు వేలు చూపించాడు. "అది సాయంత్రానికల్లా పోతుందా?"

"పోగొడతాను."

"పోకపోతే?"

"పోతుంది సర్" అంది అమ్మ.

ఆయన తలాడించాడు. వెళ్ళబోతూ అల్మైరా వైపు చూశాడు. "ఆ అంచుల తొడుగులు కుట్టేది మీరేనా?" అని అడిగాడు. అమ్మ భయం భయంగా అవునంది. "నా జత చిరిగిపోయింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. మాలో ఎవరికీ వారమూ లేదు, ఒక్క రోజూ లేదు. పెద్దావిడ నా వీపు తట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇక మిగిలింది. పసుపు నీళ్ళకు పోదు, నూనెకు పోతుంది. ఈ దేశంలో ఇప్పుడు కొబ్బరి నూనె మాకన్నా వీళ్ళే ఎక్కువ వాడతారు, మేకప్ తీయడానికి. నాలుగు సీసాలు పోగయ్యాయి. అమ్మ కొంగు బొడ్లో దోపి, అందరి జుట్టుకూ తువ్వాళ్ళు బిగించి, దూదితో నూనె రాసి తుడిచింది. భోజనాల బల్ల మీద నుంచి పాలు, నిమ్మకాయలు తెప్పించి మళ్ళీ రుద్దింది. ఒక్కొక్కరు తయారవగానే పెద్దావిడ టార్చి వేసి చూసేది. "ఇంకా ఉంది" అంటే మళ్ళీ నూనె. నా వంతు వచ్చినప్పుడు అమ్మ తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"కస్తూరి పసుపు అయిపోయిందే. ఏ పసుపైతేనేం అనుకున్నాను" అంది.

"పోనీలే అమ్మా. ఏం కాలేదుగా."

"ఏమన్నా అయ్యుంటే?"

"కాలేదుగా" అన్నాను. అంత దగ్గరగా, అంత వెలుతురులో, ఆవిడ మొహం చూసి చాలా రోజులైంది.

ఫస్ట్ షోకి బెల్లు కొట్టారు. అమ్మ వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నిజంగా చీకట్లో ఎవరూ వెలగడం లేదని కళ్ళారా చూస్తే గానీ కదలనంది. "ఆ చేపల ముక్క ఒక్కటి చూసి కారులోకి పోతాను. వీళ్ళు అందులో ఎగరరు కదా?" అని పెద్దావిడను రెండుసార్లు అడిగింది. ఎగరరని చెప్పాక, మేము ఐసు మీదకు వెళ్ళే దారిలో, నల్ల తెర పక్కన నిలబడింది.

సముద్రం నల్లగా ఉంది. చేపలు తప్ప ఏదీ కనపడలేదు. నా పక్కన జారిపోతున్నది ఎవరో కూడా నాకు తెలియలేదు, అంత చీకటి. ఇంత హాయి నాకు ఏ పోటీ గెలిచినప్పుడూ కలగలేదు.

ఆ అంకం అయిపోగానే పరుగులు. ఒక్క పాట వ్యవధిలో నల్లబట్టలు విప్పి, రెప్పలు అతికించుకుని, ఈకల దుస్తులు తొడుక్కోవాలి. అందరం కొంగలం, మధ్యలో నా సోలో. ఆ గందరగోళంలో అమ్మ కారులోకి వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. తర్వాత తెలిసింది, వెళ్ళడానికి దారి దొరకలేదట. ఆ ఇరుకు నడవలో ఎదురుగా మేమందరం ఉరుకుతుంటే గోడకు అతుక్కుపోయిందట. పైగా మేము బ్లేళ్ళ మీద నడిచేటప్పుడు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటాం. ఐసు మీద అడుగు పెట్టే ముందు వాటిని తీసి పక్కన బల్ల మీద పడేస్తాం. అక్కడ ఖాళీ చేతులతో నిలబడిన మనిషి కూడా మా దృష్టిలో బల్లతో సమానం. "ఆంటీ, ప్లీజ్" అని ఒకమ్మాయి ఇచ్చింది. ఇంకొకమ్మాయి ఇచ్చింది. అందరూ ఇచ్చారు. చేతుల నిండా తొడుగులతో అమ్మ తెర పక్కన ఇరుక్కుపోయింది. ఇవి పిల్లలకు మళ్ళీ కావాలి, కింద పెడితే ఎవరివెవరివో కలిసిపోతాయి, ఎలా వెళ్ళను, అనుకుందట.

నాకు ఇవేవీ తెలియవు. పాట మొదలైంది. మోకాలు సహకరించింది. ఎగరాల్సిన చోట ఎగిరాను, దిగాల్సిన చోట బాగా దిగాను, చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత వెనక్కి జారుతూ మలుపు తిరగడం, అంతే, పసిపిల్లలు చేసే పని. అక్కడ బ్లేడు ముందుండే రంపపు పన్ను ఐసుకు పట్టుకుంది. తుంటి మీద పడ్డాను, చప్పుడయ్యేలా. రెక్కలు రెండువైపులా పరుచుకున్నాయి. జనం అయ్యో అన్నారు.

మా వృత్తిలో పడడం తప్పు కాదు, లేవడంలో ఆలస్యం తప్పు. ఒక చెయ్యి ఆనించి, మోకాలు మడిచి, పాట ఎక్కడుందో అక్కడికి లేచి, నవ్వుతూ సాగిపోయాను. ఆ మలుపులో తెర సందు నాకు ఎదురుగా వచ్చింది. సందులో అమ్మ ఉంది. గుండెకు ఆనించుకున్న ప్లాస్టిక్ తొడుగుల గుట్ట మీదుగా నన్నే చూస్తోంది. చేతులు ఖాళీగా ఉంటే కళ్ళు మూసుకునేదే. నోరు తెరిచే ఉంది. ఆ తర్వాత నేను ఏం చేశానో శరీరానికి తెలుసు, నాకు తెలియదు. తిరిగిన ప్రతి మలుపులో ఆ సందు కోసం చూశాను. ప్రతిసారీ ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి.

అంకం ముగిసి లోపలికి వచ్చాం. అమ్మాయిలు ఒక్కొక్కరు అమ్మ చేతుల్లోంచి తమ తొడుగులు తీసుకుని, బుగ్గ మీద ముద్దు పెట్టి పరిగెత్తారు. నేను ఆఖరున వచ్చాను. తుంటి మండిపోతోంది. పడ్డానని తిడుతుందో, ఏడుస్తుందో, రేపటి నుంచి మళ్ళీ కారులోనే కూర్చుంటానంటుందో తెలియక, దగ్గరికి వెళ్ళడానికి భయపడ్డాను. అమ్మ నా గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. తర్వాత మణికట్టు పట్టుకుని చూసింది.

"దెబ్బ తగిలిందా?"

"కొంచెం."

"పడ్డావు."

"అవును అమ్మా, పడ్డాను."

"లేచావు" అంది. ఆ మాట తనే మళ్ళీ ఒకసారి అనుకుంది. "నేను కారులో కూర్చున్నప్పుడల్లా నువ్వు పడుతూనే ఉండేదానివే. ఒక్కసారి కూడా లేచేదానివి కాదు."

ఎన్నో పార్కింగులలో, హీటరు వేసుకుని, చేతిలో సూదితో, ఆవిడ చూస్తూ కూర్చున్నది అదన్నమాట. నా చప్పట్లన్నీ నేను లోపల తీసుకుంటుంటే, బయట ఆవిడ ప్రతిసారీ నన్ను స్ట్రెచర్ మీద చూస్తోందన్నమాట. నేను ఏడ్చేశాను. అతికించుకున్న రెప్ప ఊడి చెంప మీదకు జారింది. అమ్మ దాన్ని వేలితో తీసి, ఏం చెయ్యాలో తెలియక, తన జాకెట్టుకు సూది పక్కన అంటించుకుంది.

"రెండో సగంలో ఎగురుతావా?" అని అడిగింది.

"రెండుసార్లు."

అమ్మ చేతిలో మిగిలిన నా తొడుగుల జతను ఇంకాస్త గట్టిగా పట్టుకుని, తెర సందుకు దగ్గరగా జరిగి నిలబడింది.